యేసును సిలువకు పంపింది మతమా, రాజకీయమా?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. యూదు పెద్దల న్యాయసభ అయిన మహాసభ యేసుది దేవదూషణ అని తేల్చినప్పుడు యూదుల ధర్మశాస్త్రం ప్రకారం రాళ్లతో కొట్టి చంపాలి కదా, సిలువ ఎందుకు వచ్చింది? తనకు ఏ దోషమూ కనబడలేదన్న రోమన్ గవర్నర్ పిలాతు మళ్లీ ఎందుకు చంపించాడు? చివరగా, దీనికి కారణం మతమా, రాజకీయమా, బాధ్యత యూదులదా, రోమన్లదా? ఇరవై ఏళ్లకు పైగా బైబిల్ కాలేజీలో కొత్త నిబంధన చారిత్రక నేపథ్యం చెప్తున్నాను. ఏ బ్యాచ్‌కి చెప్పినా ఈస్టర్ ముందు ఎవరో ఒకరు లేచి ఇదే అడుగుతారు. కొంచెం పొడుగ్గానే చెప్తాను. తొందరగా తేల్చేస్తే తప్పుడు అర్థం వచ్చే విషయం ఇది.

ఒక మాట ముందే చెప్పాలి. ఆయన మన పాపాల కోసం చనిపోయాడన్నది క్రైస్తవ విశ్వాసం. నాదీ అదే విశ్వాసం. కానీ ఆ శుక్రవారం పొద్దున రోమన్ గవర్నర్ ముందుకు వచ్చిన ఫిర్యాదులో ఆ మాట లేదు. ఆ ఫిర్యాదులో ఏముంది, అది అక్కడిదాకా ఎలా వచ్చింది అన్నదే మీ ప్రశ్న.

శిక్ష నుంచే మొదలుపెడదాం. సాక్ష్యాలన్నిటిలో గట్టిది అదే. సిలువ యూదుల శిక్ష కాదు, రోమన్లది. అది కూడా అందరికీ వేసేది కాదు. ముఖ్యంగా బానిసలకు, బందిపోట్లకు, సామ్రాజ్యం మీద తిరగబడ్డవాళ్లకు. స్పార్టకస్ బానిసల తిరుగుబాటు అణిచాక క్రీ.పూ. 71లో కాపువా నుంచి రోమ్ దాకా రోడ్డు పొడుగునా 6,000 మందిని సిలువలకు కొట్టారు. యెరూషలేము చుట్టూ ఉన్న యూదయలో హేరోదు రాజు చనిపోయిన క్రీ.పూ. 4లో అల్లర్లు లేస్తే సిరియా గవర్నర్ వారుస్ వచ్చి 2,000 మందిని సిలువ వేయించాడు. అప్పుడే నజరేతుకు గంటన్నర నడక దూరంలో ఉన్న సెప్ఫోరిస్ పట్టణాన్ని తగలబెట్టి జనాన్ని బానిసలుగా పట్టుకుపోయారు. యేసు పుట్టింది దాదాపు ఆ రోజుల్లోనే. ఆయన పెరిగిన పల్లెల్లో సిలువ అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా విడమరిచి చెప్పక్కర్లేదు.

1968లో యెరూషలేముకు ఉత్తరాన ఒక సమాధిలో యెహోహనన్ అనే మనిషి ఎముకలు దొరికాయి. మడమ ఎముకలో పదకొండున్నర సెంటీమీటర్ల ఇనుప మేకు ఇంకా అలాగే దిగి ఉంది. మేకు కొన వంగిపోవడంతో దింపేటప్పుడు ఊడిరాలేదు, ఎముకతో పాటే పాతిపెట్టారు. ఆ ఫోటో క్లాసులో చూపించినప్పుడు ఎంత అల్లరి బ్యాచ్ అయినా కాసేపు మాట్లాడదు. సిలువను మెడలో గొలుసుకే చూసి పెరిగిన మనకు ఆ మేకు చూశాకే అది ఉరికంబం లాంటి వస్తువని ఒంటికి తెలుస్తుంది.

ఇక యేసు సిలువ పైన కొట్టిన పలక. నాలుగు సువార్తల్లో (మత్తయి, మార్కు, లూకా, యోహాను పేర్లతో ఉన్న యేసు జీవిత కథనాల్లో) ఆ రాత మాటలు కొద్దిగా తేడాగా ఉన్నాయి, కానీ "యూదుల రాజు" అన్నది నాలుగింటిలోనూ ఉంది. ఆయన శిష్యులెవరూ ఆయన్ని ఆ మాటతో పిలవలేదు. యూదులు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు "ఇశ్రాయేలు రాజు" అంటారు. సిలువ కింద నిలబడి ఎగతాళి చేసిన యాజకులు కూడా అలాగే అన్నారు. "యూదుల రాజు" అనేది బయటివాళ్ల మాట, రోమ్ వాడే మాట. క్రీ.పూ. 40లో రోమన్ సెనేట్ ఆ హోదాను హేరోదుకు కట్టబెట్టింది. అంటే ఆ పేరు ఎవరికి ఇవ్వాలో రోమ్ తేలుస్తుంది. రోమ్ ఇవ్వకుండా ఎవరైనా తీసుకుంటే అది రాజద్రోహం. పలక మీద రాసింది నేరం పేరు.

ఇంకో ఆనవాలు మన తెలుగు బైబిల్లోనే ఉంది. ఆయనకు అటూ ఇటూ సిలువ వేసినవాళ్లను మత్తయి సువార్తలో "బందిపోటు దొంగలు" అని చదువుతాం. గ్రీకులో ఆ మాట లేస్తేస్. జేబు కొట్టే దొంగకు, ఇంట్లో దూరే దొంగకు గ్రీకులో వేరే మాట ఉంది. ఈ లేస్తేస్ అన్నదాన్ని యూదు చరిత్రకారుడు జోసీఫస్ కొండల్లో దాక్కుని రోమ్ మీద తిరగబడే ముఠాలకు వాడతాడు. యేసుకు బదులు విడుదలైన ఖైదీ బరబ్బను యోహాను అదే మాటతో పిలిచాడు. మార్కు ఇంకా సూటిగా, బరబ్బ కలహంలో హత్య చేసినవాళ్లతో పాటు జైల్లో ఉన్నాడని రాశాడు. సిలువ, పలక, పక్కనున్న మనుషులు, విడుదలైన ఖైదీ, ఈ నాలుగూ ఒకే కేసును చూపిస్తున్నాయి. రోమన్ రికార్డులో అది తిరుగుబాటు కేసు.

అలాగని మతాన్ని పక్కన పెట్టేస్తే సగం కథ పోతుంది. మనం మతం, రాజకీయం అని రెండు బీరువాల్లో సర్దుకుంటున్నాం. ఒకటో శతాబ్దపు యూదయలో అలాంటి రెండు బీరువాలు లేవు. మెస్సీయ అన్న ఒక్క మాట చూడండి. హెబ్రీలో దాని అర్థం అభిషిక్తుడు, గ్రీకులో క్రీస్తు. పాత నిబంధనలో తైలంతో అభిషేకం ముఖ్యంగా ఎవరికి? రాజులకూ ప్రధాన యాజకులకూ. సౌలు, దావీదు అభిషిక్తులే. దావీదు వంశంలో ఒక రాజు లేచి అన్యుల చెర నుంచి యెరూషలేమును శుద్ధి చేస్తాడని యేసుకు ముందు శతాబ్దంలోనే యూదులు కీర్తనలు రాసుకున్నారు. మృత సముద్రం దగ్గర దొరికిన పాత గ్రంథపు చుట్టలు రాసుకున్న యూదు గుంపు అయితే ఇద్దరు మెస్సీయల కోసం ఎదురుచూసింది, ఒకరు యాజకుడు, ఒకరు రాజు. "నీవు మెస్సీయవా" అని యూదుడు అడిగితే అది దేవుడి గురించిన ప్రశ్న. అదే ప్రశ్న రోమన్ అధికారి చెవిన పడితే సింహాసనం గురించిన ప్రశ్న.

ప్రధాన యాజకుడి పదవి కూడా అంతే. క్రీ.శ. 6లో హేరోదు కొడుకు అర్కెలాయును దించేసి రోమ్ యూదయను నేరుగా తన కింద పెట్టుకుంది. అప్పటినుంచి ప్రధాన యాజకుడిని నియమించేదీ తీసేసేదీ రోమన్ గవర్నరే. పిలాతుకు ముందున్న వలేరియస్ గ్రాతుస్ కొద్ది ఏళ్లలోనే ఒకరి తర్వాత ఒకరిని మార్చి, క్రీ.శ. 18 ప్రాంతంలో కయపను పెట్టాడు. కయప మాత్రం సుమారు 18 ఏళ్లు కుర్చీ దిగలేదు. రోమ్‌తో ఎలా నెట్టుకురావాలో తెలిసిన మనిషి అన్నమాట.

నేను క్లాసులో తప్పకుండా చెప్పే వివరం ఒకటుంది. ప్రధాన యాజకుడు పండగలకు వేసుకునే పవిత్ర వస్త్రాలు ఆయన దగ్గర ఉండేవి కావు. దేవాలయం పక్కనే ఉన్న అంతోనియా కోటలో రోమన్ల తాళం కింద ఉండేవి. పండక్కి ఏడు రోజుల ముందు ఇచ్చేవారు, అయిపోగానే మళ్లీ తీసుకుని లోపల పెట్టేసేవారు. ఆ బట్టలు లేకపోతే ప్రాయశ్చిత్త దినాన ప్రజల తరఫున యాజకుడు చేయాల్సింది చేయలేడు. దేవుని సన్నిధికి వెళ్లే మనిషి ముందు సైనికాధికారి దగ్గరకు వెళ్లి తన బట్టలు తెచ్చుకోవాలి. ఇది మతమా, రాజకీయమా? కయపను అడిగితే ఆ ప్రశ్నే అర్థం కాదు.

ఇప్పుడు పండగ దగ్గరికి వద్దాం. పస్కా అంటే ఐగుప్తు రాజు ఫరో దాస్యం నుంచి విడుదలైన జ్ఞాపకం. పరాయి రాజ్యం కింద ఉన్న జనం, దేవుడు తమను పరాయి రాజు చేతిలోంచి ఎలా విడిపించాడో కుటుంబాలతో కూర్చుని చెప్పుకునే రాత్రి అది. దేశం నలుమూలల నుంచి, బయటి దేశాల నుంచి కూడా యాత్రికులు వచ్చి ఊరు ఎన్నో రెట్లు నిండిపోయేది. రోమ్‌కి ఏటా టెన్షన్ ఇక్కడే. క్రీ.పూ. 4లో పస్కా పండక్కే గొడవ లేచి అర్కెలాయు సైన్యం 3,000 మందిని చంపింది. అందుకే సముద్రం ఒడ్డున కైసరయలో ఉండే గవర్నర్ పండగకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసి సైన్యంతో వచ్చి యెరూషలేములో దిగేవాడు. దేవాలయం మంటపాల పైకప్పుల మీద సైనికులు ఆయుధాలతో నిలబడి కింద జనాన్ని చూస్తుండేవారు. మొత్తం యూదయలో గవర్నర్ చేతిలో ఉన్న బలగం సుమారు 3,000. పెద్ద సైన్యం దూరంగా సిరియాలో ఉంది. అది వచ్చేలోపు ఊరు చేజారిపోకూడదు. అందుకే మంట పుట్టకముందే నిప్పురవ్వను తొక్కేయడం వాళ్ల పద్ధతి.

అలాంటి వారంలో యేసు గాడిద మీద ఊళ్లోకి వచ్చాడు. మనం మట్టల ఆదివారం అని చేసుకునేది దాన్నే. చిన్నప్పుడు ఈత మట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ ఊరంతా తిరిగినప్పుడు అదొక సంబరం. ఆ మాటల బరువు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. హోసన్నా అంటే "మమ్మల్ని రక్షించు" అనే మొర. గాడిద మీద వచ్చే రాజు జెకర్యా ప్రవచనంలోని రాజు. "వచ్చుచున్న మన తండ్రియైన దావీదు రాజ్యము" అని జనం అరిచినట్టు మార్కు రాశాడు. పైకప్పు మీద కాపలా ఉన్న సైనికుడికి ప్రవచనం తెలియకపోవచ్చు. రాజ్యం, రాజు అన్న మాటలు మాత్రం ఎవరో ఒకరు అర్థం చెప్పే ఉంటారు.

తర్వాత దేవాలయంలో ఆయన బల్లలు పడదోశాడు. ఈ ఘటనను యోహాను మొదట్లో పెట్టాడు, మిగతా ముగ్గురూ చివరి వారంలో పెట్టారు. సిలువకు దారి తీసిన క్రమం చూస్తే చివరి వారమే సరైన చోటని నా అభిప్రాయం. ఆ బల్లలు ఎందుకున్నాయో తెలియాలి. ప్రతి యూదు మగవాడూ ఏడాదికి అర షెకెలు దేవాలయ పన్ను కట్టాలి, అది తూరు పట్టణపు వెండి నాణెంలోనే కట్టాలి. దూరప్రాంతాల వాళ్లు తెచ్చిన డబ్బు మార్చుకోవాలి, బలికి పావురాలు అక్కడే కొనుక్కునేవారు. కాబట్టి మార్చేవాళ్లు అక్కడ ఉండడం దానికదే మోసం కాదు. యేసు చేసింది వ్యాపారుల మీద కోపం చూపించడం మాత్రమే అనుకుంటే ఆ పని చిన్నదైపోతుంది. ఆ ఆవరణ సుమారు 35 ఎకరాలు. ఒక మనిషి ఒక మూల బల్లలు తోస్తే దేవాలయం పని ఆగదు. అది సూచన, ప్రవక్తలు కుండ పగలగొట్టి, కాడి మెడకు వేసుకుని చెప్పినట్టు చేసి చూపించిన ప్రవచనం. ఆయన ఎత్తిన "దొంగల గుహ" అన్న మాట యిర్మీయా 7వ అధ్యాయంలోది. అక్కడ యిర్మీయా వ్యాపారాన్ని తిట్టలేదు, దేవాలయం కూలిపోతుందని చెప్పాడు. అది విన్న యాజకులు యిర్మీయాను చంపాలన్నారు. యేసు మాట విన్న యాజకులకు ఆ అధ్యాయం కంఠతా వచ్చు.

దేవాలయం అంటే ఆరాధన స్థలం ఒక్కటే కాదు. దేశంలోని పెద్ద ఖజానా, యాజక కుటుంబాల బతుకు, ఊరి జీవనాధారం, రోమ్‌తో ఒప్పందం నిలిచి ఉన్న చోటు, అన్నీ అదే. దాని మీద ఒక్క వేలు చూపిస్తే ఇవన్నీ కదులుతాయి. మార్కు ప్రకారం ప్రధాన యాజకులు ఆయన్ని ఎలా చంపాలా అని చూడడం మొదలైంది ఇక్కడే. పండగలో వద్దు, జనంలో అల్లరి అవుతుందని వాళ్లు అనుకున్నది కూడా మార్కే రాశాడు. అందుకే రాత్రి, ఊరి బయట, గెత్సేమనే తోటలో, శిష్యుడైన యూదా అనే లోపలి మనిషి సాయంతో పట్టుకున్నారు.

కయప మనసులో ఏముందో యోహాను 11వ అధ్యాయం చెప్తుంది. సారాంశం ఇది: ఇతన్ని ఇలాగే వదిలేస్తే జనమంతా ఇతని వెంట పోతారు, రోమన్లు వచ్చి మన దేవాలయాన్నీ మన జనాన్నీ తుడిచిపెడతారు, జనమంతా నశించేకన్నా ఒక్క మనిషి చనిపోవడం మేలు. దీన్ని దుర్మార్గుడి మాటగా మాత్రమే చదవొద్దని విద్యార్థులకు చెప్తాను. వారుస్ 2,000 సిలువలు నాటిన దేశంలో, తన కుర్చీతో పాటు ఊరిని కూడా కాపాడాలనుకునే నాయకుడు వేసిన లెక్క అది. లెక్క తప్పు, అన్యాయం. నిర్దోషిని బలిచ్చే ఏ లెక్కా నాకు సమ్మతం కాదు. కానీ ఆ భయం ఉత్తిది కాదు. నలభై ఏళ్లకు, క్రీ.శ. 70లో, రోమ్ నిజంగానే వచ్చి దేవాలయాన్ని కాల్చింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, రాళ్లెందుకు కాదు. మరణశిక్ష వేసే అధికారం మాకు లేదని పెద్దలు పిలాతుతో అన్నట్టు యోహాను రాశాడు. దీన్ని బలపరిచే ఘటన జోసీఫస్ దగ్గర ఉంది. క్రీ.శ. 62లో ఒక గవర్నర్ చనిపోయి కొత్తవాడు దారిలో ఉండగా, ప్రధాన యాజకుడు అనానుస్ సభ పిలిచి యేసు సోదరుడైన యాకోబును రాళ్లతో కొట్టించాడు. ధర్మశాస్త్రం విషయంలో నిష్ఠగా ఉండేవాళ్లే అది తప్పని ఎదురు తిరిగారు. గవర్నర్ అనుమతి లేకుండా అలా సభ పిలవకూడదని కొత్త గవర్నర్‌కు చెప్పారు. మూడు నెలలకే అనానుస్ పదవి పోయింది. ఈ అనానుస్ ఎవరో కాదు, కయపకు మామ అయిన, "అన్న" అనే పేరున్న మాజీ ప్రధాన యాజకుడి కొడుకే. యేసు విషయంలో కయప ఆ పొరపాటు చేయలేదు, రోమ్ చేతికి అప్పగించాడు.

రాత్రి విచారణ గురించి మన ప్రసంగాల్లో తరచూ ఒక వాదన వింటాం: రాత్రి విచారించారు, పండగ ముందు తీర్పు చెప్పారు, మిష్నా అనే యూదుల ధర్మ నియమాల సంకలనం ప్రకారం ఇవన్నీ చట్టవిరుద్ధమని. మిష్నాలో ఆ నియమాలున్న మాట నిజమే. కానీ మిష్నా సంకలనమైంది క్రీ.శ. 200 ప్రాంతంలో, రబ్బీల (యూదు గురువుల) చేతుల్లో. దేవాలయం పోయాక రాసుకున్న నియమాలను కయప ఇంటి విచారణకు కొలబద్దగా పెట్టడం సరికాదు. నా ఉద్దేశంలో ఆ రాత్రి జరిగింది పూర్తి స్థాయి కోర్టు విచారణ కాదు, పొద్దున గవర్నర్ దగ్గర పెట్టాల్సిన కేసు తయారుచేసుకోవడం. యోహానులో మహాసభ తీర్పే కనబడదు. కయప మామ "అన్న" అడిగిన ప్రశ్నలు, తర్వాత కయప దగ్గరికి, అక్కణ్నుంచి గవర్నర్ అధికార మందిరానికి, అంతే.

దేవదూషణ ఎక్కడుంది మరి? మెస్సీయనని చెప్పుకోవడం ఒక్కటే దేవదూషణ కాదు. ఇది చాలామందికి తెలియదు. క్రీ.శ. 132లో రోమ్ మీద తిరుగుబాటు చేసిన బార్ కోఖ్బాను రబ్బీ అకీవా అంతటి గురువు మెస్సీయ అన్నాడు. ఆ మాట తప్పైపోయింది, లక్షలమంది చనిపోయారు. అయినా యూదు సంప్రదాయం అకీవాను దేవదూషకుడు అనలేదు, ఈ రోజుకూ గొప్ప గురువుల్లో ఒకడిగా తలుచుకుంటుంది. మార్కు ప్రకారం కయప బట్టలు చింపుకున్నది, మెస్సీయవా అన్న ప్రశ్నకు యేసు అవునన్నాక చెప్పిన తర్వాతి మాటకు. మనుష్యకుమారుడు (తన గురించి ఆయన వాడే పేరు) సర్వశక్తిమంతుని కుడిపక్కన కూర్చోవడం, ఆకాశ మేఘాల మీద రావడం మీరు చూస్తారు అన్నాడు యేసు. ఒకటి 110వ కీర్తన, ఇంకొకటి దానియేలు 7వ అధ్యాయం. చేతులు కట్టేసి నిలబెట్టిన ఖైదీ, తనకు తీర్పు చెప్పడానికి కూర్చున్న ప్రధాన యాజకుడితో, రేపు దేవుడి పక్కన కూర్చుని తీర్పు చెప్పేది నేను అంటున్నాడు. అంతకు ముందే దేవాలయాన్ని పడగొడతానన్నాడనే సాక్ష్యం నడిచింది. దేవుడి సింహాసనం, దేవుడి ఇల్లు రెండూ ఆ గదిలో ఒకేసారి మాటల్లోకి వచ్చాయి.

తెల్లారేసరికి మాట మారింది. పిలాతుకు దానియేలు గ్రంథంతో పనిలేదు. లూకా ప్రకారం అక్కడ పెట్టిన ఆరోపణలు మూడు: జనాన్ని తిరగబడేలా చేస్తున్నాడు, కైసరుకు (రోమన్ చక్రవర్తికి) పన్ను కట్టొద్దంటున్నాడు, తానే క్రీస్తు అనే రాజునని చెప్పుకుంటున్నాడు. రాత్రి "క్రీస్తు" అన్నది పొద్దునకు "రాజు" అయింది. ఇది మొత్తం అబద్ధమని కొట్టేయడానికి లేదు. ఆ మాటలో రెండర్థాలూ మొదటినుంచీ ఉన్నాయి, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకున్నారు. పన్ను సంగతి మాత్రం వక్రీకరణ. పన్ను కట్టొచ్చా అని అడిగితే ఆయన దేనారము (రోమన్ వెండి నాణెం) చూపించమన్నాడు. తిబెరి కైసరు బొమ్మ ఉన్న ఆ నాణెం మీద అతన్ని "దైవమైన ఔగుస్తు కుమారుడు" అని రాసి ఉండేది. కైసరువి కైసరుకు, దేవునివి దేవునికి అన్నప్పుడు పన్ను కట్టొద్దని ఆయన అనలేదు, కైసరు దేవుడు కాడని మాత్రం అందరికీ అర్థమైంది.

మతం ఎంత, రాజకీయం ఎంత అని తూచాలంటే నాకు ఇంకో యేసు కథ కావాలి. ఇది జోసీఫస్ రాసింది, మన చర్చిల్లో దాదాపు ఎవరూ చెప్పరు. క్రీ.శ. 62లో పర్ణశాలల పండక్కి అననియ కొడుకు యేసు అనే పల్లెటూరి రైతు దేవాలయంలో నిలబడి, యెరూషలేముకు శ్రమ, దేవాలయానికి శ్రమ అని అరవడం మొదలుపెట్టాడు. రాత్రింబగళ్లు వీధి వీధి తిరిగి అదే అరుపు. ఊరి పెద్దలు పట్టుకుని కొట్టారు, ఆపలేదు. రోమన్ గవర్నర్ అల్బీనుస్ దగ్గరికి తీసుకెళ్లారు. ఎముకలు బయటపడేదాకా కొరడాలతో కొట్టించాడు. నువ్వెవరు, ఎక్కణ్నుంచి వచ్చావని అడిగితే ఆ మనిషి జవాబు చెప్పలేదు, ప్రతి దెబ్బకూ యెరూషలేముకు శ్రమ అనే మూలిగాడు. పిచ్చివాడని తేల్చి గవర్నర్ వదిలేశాడు. ఏడేళ్ల ఐదు నెలలు అలా అరుస్తూనే తిరిగాడు. చివరికి ముట్టడిలో రోమన్ల యంత్రం విసిరిన రాయి తగిలి చనిపోయాడు.

రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి. అదే పేరు, అలాంటి పండగ జనమే, అదే దేవాలయం, అదే యిర్మీయా ధోరణి. అక్కడా యాజక పెద్దలే పట్టుకున్నారు, అక్కడా గవర్నర్‌కే అప్పగించారు, అక్కడా ఖైదీ జవాబు చెప్పలేదు, అక్కడా కొరడా దెబ్బలు పడ్డాయి. ఇక్కడిదాకా ఇద్దరి దారీ ఒక్కటే. ఆ తర్వాత ఒకరు ఇంటికి, ఒకరు సిలువ వేసే చోటైన గొల్గొతాకు. తేడా ఏమిటి? ఆ రైతు వెనుక ఒక్కరూ లేరు. అతన్ని రాజు అన్నవాళ్లూ లేరు. నజరేయుడైన యేసు వెనుక గలిలయ నుంచి జనం నడిచి వచ్చారు, రాజ్యం రాజ్యం అని అరిచారు. దేవాలయం మీద మాట్లాడినందుకు కొరడా దెబ్బలు, రాజు అన్నందుకు సిలువ. మతం ఆయన్ని పిలాతు గుమ్మం దాకా తెచ్చింది. గుమ్మం దాటాక ప్రాణం తీసింది జనం, రాజు అన్న మాట. ఈ ఒక్క పోలికతో మీ మూడో ప్రశ్నకు నా జవాబు వచ్చేసినట్టే.

యేసుకు ముందు బోధించిన బాప్తిస్మమిచ్చు యోహాను చావు కూడా ఇలాంటిదే. గలిలయను ఏలిన హేరోదు కొడుకు హేరోదు అంతిప తన సోదరుడి భార్య హేరోదియను చేసుకున్న పెళ్లి గొడవ సువార్తల్లో చదువుతాం. జోసీఫస్ మాత్రం జనం అతని మాట మీద అంతగా కదులుతున్నారు కాబట్టి తిరుగుబాటు రాకముందే చంపేయడం మంచిదని హేరోదు అంతిప అనుకున్నాడని రాశాడు. రాజు పెళ్లిని పాపమనడం బోధ. జనం గుమిగూడి ఆ బోధ వినడం రాజకీయం.

పిలాతు సంగతి. సువార్తల్లో మెత్తగా, ఊగిసలాడే మనిషిగా కనబడతాడు. బయటి సాక్ష్యాల్లో అలా లేడు. లంచాలు, దోపిడీ, విచారణ లేని హత్యలు అని అలెగ్జాండ్రియా యూదు తత్వవేత్త ఫిలో రాసిన జాబితా పెద్దది. కాలువ కట్టడానికి దేవాలయ నిధిలో చెయ్యి పెట్టాడు, అడగడానికి వచ్చిన జనాన్ని మారువేషంలో ఉన్న సైనికులతో కొట్టించాడు. గలిలయుల రక్తాన్ని వాళ్ల బలులతో కలిపాడని లూకా 13వ అధ్యాయంలోనే ఉంది. ఇలాంటివాడు పండగపూట ఒక పల్లెటూరి బోధకుడి కోసం నిజంగా మనస్సాక్షితో పెనుగులాడాడా? దోషం కనబడలేదన్న మాటను నేను ఇలా చదువుతాను: ఇతను సైన్యం పోగుచేసే మనిషి కాదని పిలాతుకు తెలుసు. దానికి మంచి ఆధారం ఉంది, శిష్యుల్లో ఒక్కరినీ పట్టుకోలేదు. క్రీ.శ. 45 ప్రాంతంలో తూదా అనేవాడు జనాన్ని యొర్దాను దగ్గరికి తీసుకెళ్తే రోమన్ గుర్రపు దళం అతనితో పాటు అనుచరుల్లో చాలామందిని నరికింది. యేసు విషయంలో నాయకుడు ఒక్కడే, మిగతావాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. అంటే భయం ఆయన కత్తి గురించి కాదు, ఆయన్ని చూసి జనం ఏం చేస్తారో అన్నదాని గురించి. ఆ భయం తీరాలంటే అందరికీ కనబడేలా చంపాలి. సిలువ అందుకే రోడ్డు పక్కన వేస్తారు. ఇతన్ని వదిలితే నువ్వు కైసరుకు స్నేహితుడివి కావు అన్న మాట వచ్చాక, అనుమానం రోగంలా పట్టుకున్న తిబెరి కింద పనిచేసే అధికారికి ఇంకో దారి లేదు. నిర్దోషి అని తెలిసి కూడా చంపించాడు. కాబట్టి అతని నేరం ఇంకా పెద్దది.

యెరూషలేము మ్యూజియంలో పిలాతు పేరున్న రాయి ఉంది. 1961లో కైసరయలో దొరికింది. ఎవరో తర్వాతి కాలంలో ఆ రాయిని తీసి నాటకశాల మెట్లకు వాడుకున్నారు. ఎడమవైపు అక్షరాలు చెదిరిపోయాయి, "...తియుస్ పిలాతుస్" అన్నది మాత్రం చదవొచ్చు. తన పేరు చిరకాలం ఉండాలని చక్రవర్తి గౌరవార్థం కట్టించిన భవనంలోది అది. క్రీ.శ. 36లో గెరిజీము కొండ దగ్గర సమరయుల గుంపును చంపించినందుకు సిరియా గవర్నర్ విటెల్లియస్ పిలాతును రోమ్‌కు పంపించేశాడు. కొద్ది నెలల్లోనే కయపను కూడా దించేశాడు. యాజక వస్త్రాలను యాజకులకు తిరిగి ఇచ్చింది కూడా ఆయనే.

ఇక "యూదులు చంపారు" అన్న మాట. దీనిమీద నేను గట్టిగానే మాట్లాడతాను. ఆయన యూదుడు, తల్లి యూదురాలు, పన్నెండుమంది శిష్యులు యూదులు, సిలువ దగ్గర ఏడ్చిన ఆడవాళ్లు యూదులు. యాజకులు ఆయన్ని పట్టుకోవడానికి భయపడింది యూదు జనానికే. అప్పగించింది రోమ్ నియమించిన కొన్ని యాజక కుటుంబాల పెద్దలు. తీర్పు చెప్పింది రోమన్ అధికారి, మేకులు కొట్టింది అతని సైనికులు. సువార్తల్లో చాలావరకు రాసేనాటికి రోమ్‌తో యూదుల యుద్ధం అయిపోయింది, క్రైస్తవ సంఘం రోమన్ ప్రపంచంలో బతకాలి. పిలాతు చేతులు కడుక్కోవడం, ఇతని రక్తం మా మీదా మా పిల్లల మీదా ఉండనీ అని జనం అనడం ఒక్క మత్తయిలోనే ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం పట్టుకుని యూరప్‌లో వందల ఏళ్లు గుడ్ ఫ్రైడే వస్తే యూదులు తలుపులు వేసుకుని వణికే పరిస్థితి తెచ్చారు. ఆనాటి యూదులందరి మీదా, ఈనాటి యూదుల మీదా ఈ నేరం మోపకూడదని కతోలిక సంఘం 1965లో రెండో వాటికన్ కౌన్సిల్‌లో ప్రకటించింది. మనం ఆదివారం చెప్పే విశ్వాస ప్రమాణంలో కూడా ఈ మరణం దగ్గర వచ్చే పేరు పొంతి పిలాతు ఒక్కటే.

ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గమైన పరిసయ్యుల మీద తోసేసే అలవాటు కూడా మనకు ఉంది. విశ్రాంతి దినం, చేతులు కడుక్కోవడం గురించి యేసుతో వాదించింది వాళ్లే, కానీ అలాంటి వాదనలు ఆ కాలంలో గురువుల మధ్య రోజూ జరిగేవి. హేరోదు అంతిప నిన్ను చంపాలని చూస్తున్నాడు, వెళ్లిపొమ్మని యేసును హెచ్చరించింది కూడా పరిసయ్యులే, లూకా 13లో చూడండి.

వీలైతే ఈ వారంలో మార్కు 11 నుంచి 15 దాకా ఒకేసారి కూర్చుని చదవండి, గంట కూడా పట్టదు. పెన్సిల్ పెట్టుకుని, ఆయనకు ఎదురు నిలబడ్డవాళ్లు ఎవరెవరో వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. 12వ అధ్యాయం 13వ వచనంలో పన్ను ప్రశ్న అడగడానికి వచ్చాక పరిసయ్యులు ఇంక ఎక్కడా కనబడరు. అక్కణ్నుంచి సమాధి దాకా మీ గీతలు ఎక్కువగా ప్రధాన యాజకుల కింద, వాళ్లతో ఉన్న శాస్త్రులు (ధర్మశాస్త్ర పండితులు), పెద్దల కింద, పిలాతు కింద, సైనికుల కింద పడతాయి.